పోగు అందించే చెయ్యి

నేను రాసిన మూడు ఉత్తరాలకు ఇంతవరకు జవాబు లేదు. మొదటిది మామూలు పోస్టులో వేశాను. రెండోదీ మూడోదీ రిజిస్టర్ చేసి పంపాను. అందినట్టు కార్డులు తిరిగి వచ్చాయి. రెండింటి మీదా ఆదోనిలో ఉండే నా బావమరిది సంతకం ఉంది. అంటే ఉత్తరాలు ఆ ఇంటి గడప దాటాయి. నా భార్య చేతికి చేరాయా, చేరితే చదివిందా, చదివి మడిచి తలగడ కింద పెట్టిందా, అది మాత్రం ఎవరూ చెప్పరు. ఫోన్ చేస్తే బావమరిది ఎత్తి, "సెప్తాలే బావా" అని పెట్టేస్తాడు. ఏం చెప్పాడో, ఎవరికి చెప్పాడో నాకు తెలియదు.

అందుకే ఈసారి పత్రికకు రాస్తున్నాను. నా భార్య కాగితం కనిపిస్తే చదవకుండా వదలదు. సాయంత్రం బజ్జీలు కట్టి తెస్తే, బజ్జీలు నా ముందు పెట్టి, నూనె కాగితాన్ని మోకాలి మీద సాపు చేసుకుని చదివేది. సగం చిరిగిన వార్త అయితే మిగతా సగం ఏమై ఉంటుందో రాత్రి అన్నం తినేటప్పుడు నాతో వాదించేది. ఆమె తమ్ముడి బట్టలు కుట్టే అంగడికి ఈ పత్రిక వస్తుంది. కాబట్టి ఇది ఆమె కంట పడుతుంది.

నేను ఎమ్మిగనూరులో నేతగాణ్ణి. ఇరవై రెండేళ్లు మేమిద్దరం ఒకే మగ్గం మీద బతికాం. రెండేళ్ల కిందట ఆమె ఆదోనికి, తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. ఇప్పుడు విడాకుల కాగితం కోర్టులో ఉంది. మా కూతురు కర్నూలులో నర్సు. "నన్ను మధ్యలో పెట్టద్దండి" అని ఇద్దరికీ ఒకే మాట చెప్పింది. మా మధ్య తేలకుండా మిగిలిన ఆస్తి ఒక్కటే. అది మగ్గానికి ఉండే అచ్చు.

మగ్గం చూడని వాళ్లకు చెప్పాలి. అచ్చు అంటే పడుగు పోగులన్నీ, అంటే నిలువు దారాలన్నీ, వరుసగా దూరి వచ్చే చట్రం. చీరకైతే మూడు వేల పైచిలుకు పోగులు. ప్రతి పోగుకూ ఒక కన్ను ఉంటుంది, ఆ కన్ను దాటాక దువ్వెన పళ్ల లాంటి సందు ఉంటుంది. కొత్త అచ్చుకు పోగులు ఎక్కించాలంటే ఒకరివల్ల కాదు. ఒకరు అచ్చుకు వెనక కూర్చుని పోగు విడదీసి అందించాలి. ఇంకొకరు ముందు కూర్చుని కొక్కెంతో దాన్ని కంట్లోంచి లాగాలి. ఒక్క పోగు తప్పితే ఆ గీత చీర పొడుగునా కనిపిస్తుంది.

ఇంత కష్టం కాబట్టే మేము ఆ పని మళ్లీ మళ్లీ చేయం. ఒక పడుగు నేత అయిపోయినప్పుడు కొస దాకా కోసేయం. అచ్చులో జానెడు పోగు వదిలేస్తాం. కొత్త పడుగు వచ్చాక ఆ పాత కొసలకు కొత్త కొసలు ఒక్కొక్కటిగా అతుకుతారు. వేళ్లకు బూడిద రాసుకుని, రెండు కొసలు కలిపి మెలిపెడతారు. ముడి కూడా ఉండదు. అతికే పని మా వీధిలో ఆడవాళ్లది. మా ఇంట్లో ఆమెది. పెళ్లయిన నెలలో ఎక్కించిన మొదటి పోగుల కొసకు రెండో పడుగు, దాని కొసకు మూడోది, ఇలా ఇరవై రెండేళ్లు. దుప్పట్లు నేసినప్పుడు ఒక అచ్చు, చీరలకు మారాక ఇంకొకటి అని కొందరు అనొచ్చు. మేము మొదటి నుంచి చీరలే నేశాం. అచ్చు మారలేదు. కళ్లు తెగితే కట్టుకున్నాం, పళ్లు విరిగితే మార్చుకున్నాం. ఖాళీ మాత్రం చేయలేదు.

దుప్పట్ల మాట ఎందుకు ఎత్తానంటే, మా ఊరు దుప్పట్లకు పేరు. నా పెళ్లి ఆదోనిలో జరిగింది. పెళ్లికూతురి పెదనాన్న పత్తి వ్యాపారం చేసేవాడు. విడిదిలో పదిమంది ముందు నన్ను చూసి, "వచ్చినాడప్పా ఎమ్మిగనూరు దుప్పటి. కప్పుకునేకి బాగుంటాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. పొద్దున మా వాళ్లకు పెట్టిన బొరుగుల ఉగ్గాని చల్లారిపోయి ఉంది, వాళ్ల వాళ్లకు మాత్రం పొగలు వచ్చే బజ్జీలు. నేను అన్నీ చూశాను. ఆ పెదనాన్న పోయి చాలా ఏళ్లయింది. చావుకు వెళ్లాను, దండ వేశాను, దుప్పటి మాట మర్చిపోలేదు.

నా స్వభావం అది. నన్ను తక్కువ చేసిన మాట నాలోంచి పోదు. ఎవరు అన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు, అప్పుడు చేతిలో ఏముంది అన్నీ గుర్తుంటాయి. ఆమె దీని గురించి నన్ను ఎగతాళి చేసేది. "మంది మాటలన్నీ కండెలకు చుట్టుకుని పెట్టుకుంటావు. ఒగ దినమన్నా నేసినావా వాటితో? ఒగ తువ్వాలన్నా వచ్చిండునే." నేను మూతి ముడుచుకుంటే రాట్నం తిప్పుతూనే నవ్వేది.

పెళ్లయిన తొమ్మిదో రోజు నేను గుంత తవ్వాను. మాది గుంత మగ్గం. ఇంటి నేల తవ్వి, కాళ్లు అందులో పెట్టుకుని కూర్చోవాలి. అప్పుడు మేమున్నది మా నాన్న ఇచ్చిన ఒక గదిలో. అచ్చు కొత్తది. పోగులు ఎక్కించడానికి మా అమ్మ కూర్చోవాలి, ఆమెకు కళ్లు సరిగా ఆనవు. "ఆ పిల్లను కూర్చోబెట్టుకో" అంది.

అంతవరకు మేము నాలుగు మాటలు కూడా మాట్లాడుకోలేదు. ఆమె అచ్చుకు అటువైపు, నేను ఇటువైపు. మధ్యలో అచ్చు కళ్ల వరుస తెర లాగా ఉంది. ఆమె ముఖం కనిపించేది కాదు. వేళ్లు కనిపించేవి, వాటి చివర పోగు. మొదటి రోజు పోగు అందించిన ప్రతిసారీ "తీసుకోండి" అంది. మూడు వేల పోగుల్లో నాలుగో వంతు ఎక్కేసరికి సాయంత్రమైంది. రెండో రోజు "ఇందండి." మూడో రోజు నా కొక్కెం తప్పుడు కంట్లోకి పోయింది. అటువైపు నుంచి గొంతు వచ్చింది.

"అది కాదు, పక్కది."

"ఇదే."

"నాకు ఈడి నుంచి కనపడతాంది. పక్కది."

"నేతగాణ్ణి నేనా నువ్వా?"

"నేతగానివి నువ్వే. కన్ను తప్పింది కూడా నువ్వే."

చూస్తే పక్కదే. పెళ్లైన పన్నెండో రోజు అది. ఎవరైనా నా తప్పు చూపిస్తే నేను ఊరుకోను. ఆ రోజు ఊరుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఆఖరి పోగు అందించి, ఆమె అచ్చు పక్కనుంచి తల వంచి నన్ను చూసింది. ముక్కు మీద బూడిద. ఆ ముఖాన్ని అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదలు.

తరువాతి ఏళ్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున ఆమె రాట్నం మీద నూలు కండెలకు చుట్టి పెట్టేది, నేను గుంతలో దిగేవాణ్ణి. పడుగు వస్తే వీధిలో సాగదీసి గంజి పెట్టేవాళ్లం. అటు కొసన ఆమె, ఇటు కొసన నేను. ప్రభుత్వం ఇళ్ల స్థలాలు ఇచ్చినప్పుడు పట్టా ఆమె పేరు మీద వచ్చింది. అందరికీ ఆడవాళ్ల పేరు మీదే ఇచ్చారు. గోడలు నేను కట్టించాను. అప్పుడు ఆమె చేతిగాజులు రెండు అమ్మింది. కొత్త ఇంట్లో మళ్లీ గుంత తవ్వాను. అచ్చును పోగుల కొసలతో సహా పసిబిడ్డను మోసినట్టు పాత చీరలో చుట్టి, రెండు వీధులు నడిచి ఆమె తెచ్చింది. నన్ను తాకనివ్వలేదు. "నువ్వు కాలు తట్టుకుంటావు" అంది. అది కూడా నాకు గుర్తుంది. నేను ఏనాడూ కాలు తట్టుకోలేదు.

ఇక ఆమె వెళ్లిపోయిన సంగతి.

చేనేత కుటుంబాల వివరాలు రాసుకోవడానికి ఒకాయన వీధిలోకి వచ్చాడు. ఎండకు చెమటలు కారుతున్నాయి. మా గడప మీద కూర్చుని ఫోన్‌లో ఒక్కొక్కటే నొక్కుకుంటూ అడిగాడు.

"మగ్గాలు ఎన్ని?"

"ఒగటి."

"దీని మీద పనిచేసేది ఎంతమంది?"

"నేనొక్కణ్ణే."

"మీ ఇంటామె?"

"ఆమె ఇంట్లోనే ఉంటాది సార్."

ఆయన నొక్కుకుని, మంచినీళ్లు తాగి పోయాడు. ఆ నీళ్లు ఇచ్చింది ఆమే. అంతకుముందు లోపల రాట్నం తిరుగుతూ ఉంది. నేను ఆ మాట అన్నప్పుడు రాట్నం ఆగింది. తరువాత మళ్లీ తిరిగింది. ఆ ఆగడం నేను విన్నాను. దారం తెగిందేమో అనుకున్నాను. నా చెవులు ఎవరి మాటకైనా అంత చురుకు కదా, ఆ చప్పుడుకు మాత్రం అర్థం వెతకలేదు.

మరుసటి రోజు కొత్త పడుగు వచ్చింది. ఆమె రెండు రోజులు అచ్చు ముందు కూర్చుని మూడు వేల పోగులూ అతికింది. మామూలుగా మధ్యలో లేచి నడుం పట్టుకుని వీధిలోకి పోయి, పక్కింటామెతో పది మాటలు మాట్లాడి వచ్చేది. ఈసారి లేవలేదు. మూడో రోజు పొద్దున బ్యాగు సర్దుకుంది.

"ఆదోనికి పోతాండా."

"ఎన్నాళ్లు?"

"పడుగు అతికినా. రెండు నెలలకు సాలుతాది" అంది.

తమ్ముడి పిల్లలకు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. బస్టాండు దాకా నేనూ వెళ్లాను. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలేటప్పుడు, "కండెలు గూట్లో ఉండాయి, తడి చేసుకో" అంది.

వారం గడిచింది. ఫోన్ రాలేదు. నేనెందుకు ముందు చేయాలి అనుకున్నాను. నన్ను వదిలి పోయింది ఆమె. నెల గడిచింది. నేను నేస్తూనే ఉన్నాను. ఒక్క పోగు తెగలేదు. అంత మంచి అతుకు నా జీవితంలో చూడలేదు. అలా మెచ్చుకుంటూనే, ఫోన్ చేయకుండా, ఆ పడుగు కొస దాకా వచ్చాను. అప్పుడు బావమరిది ఫోన్ చేశాడు.

"అక్క ఇంగ రాదంట బావా."

"ఎందుకంట?"

"నువ్వే అడుగు అంటాది. నిన్ను అడగమంటే నువ్వేమో నన్ను అడుగుతాండావు. నాకేం పని లేదా? ఇంగోటి బావా, ఇల్లు అక్క పేరు మీద ఉండాది. మగ్గంలో సగం అక్క కష్టం ఉండాది. అది మనసులో పెట్టుకో."

ఆ ఆఖరి మాటతో నాకు నిప్పు అంటుకుంది. ఇంటి గోడలు, గుంత, మగ్గం అన్నీ పోతాయన్న భయం పట్టుకుంది. ఆ వారమే ఆదోని వెళ్లి ఒక వకీలు సాబును కలిశాను. పత్తి మార్కెట్టుకు పోయే దారిలో మేడ మీద ఆయన గది. పెద్దమనిషి. టీ తెప్పించి, నేను చెప్పిందంతా విన్నాడు.

"చూడప్పా, పెండ్లి అయినంత మాత్రాన మన తావ ఆస్తి సగం సగం కాదు. ఎవురి పేరు మీద ఉంటే వాళ్లది. పట్టా ఆమెది, ఇల్లు ఆమెది. గోడలకు నువ్వు పెట్టినావని రుజువులు ఉంటే వాదిస్తాం. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నదీ, ఆమెకు పెట్టిన బంగారమూ ఆమెదే, దాని జోలికి పోవద్దు. ఇంట్లో ఏమేమి ఉండాయో అంతా రాయి. పెండ్లికి ముందుది ఏది, తర్వాతది ఏది, దుడ్లు ఎవురు పెట్టినారు. ఫోటోలు తీసుకో. కాగితాలన్నీ జిరాక్సు తీయి. ఇద్దరి పేరు మీద ఉండే బ్యాంకు బుక్కులో నుంచి ఒక రూపాయి తీయద్దు. ఏదీ అమ్మద్దు, దాచద్దు, జాగా మార్చద్దు. మార్చినావంటే జడ్జి నిన్నే దొంగ మాదిరి చూస్తాడు. సమజ్ అయిందా?"

"మగ్గం సార్?"

"గుంత భూమిలో ఉండాది, భూమి ఆమెది. కట్టె సామాను నువ్వు కొన్నట్టు ఉంటే నీది. అయినా ఇద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే పోయేదానికి, దేవరగట్టు దసరా కొట్లాటలో మాదిరి కట్టెలు ఎందుకప్పా పట్టుకునేది?"

ఆయన చెప్పినవన్నీ మంచి మాటలే. జాబితా రాశాను, జిరాక్సులు తీశాను. బ్యాంకు బుక్కు చూస్తే ఆమె ఒక్క రూపాయి తీయలేదు. ఒక్క మాట మాత్రం వినలేదు. జాగా మార్చవద్దన్న మాట.

నా ఆలోచన ఇలా నడిచింది. కట్టె సామాను నేను కొన్నట్టు చీటీ ఉంది. అచ్చు కూడా అందులోనే ఉంది. కానీ అచ్చులో జానెడు పొడుగున వేలాడుతున్నవి ఆమె అతికిన పోగులు. రేపు ఎవరైనా వచ్చి చూస్తే ఇదిగో నా చెయ్యి ఇందులో ఉంది అంటుంది. ఆమె చేతి పోగు ఒక్కటి కూడా లేకుండా చేస్తే అచ్చు నాది అవుతుంది. ఇది తెలివైన పని అనుకున్నాను.

పక్కింటి ముసలాయన నాకు మామ వరస. నేను గుంత పక్కన కూర్చుని పోగులు లాగుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమి చేస్తాండావురా?"

"అచ్చు ఖాళీ చేస్తాండా మామా."

"కొస వదలకుండానా?"

"వదలకుండానే."

ఆయన వంగి నేల మీద పడిన పోగు ఒకటి తీసుకున్నాడు. "నాకు డెబ్బై ఏండ్లు దాటినాయి. అచ్చు ఖాళీ చేసినోన్ని ఇద్దర్నే సూసినా. ఒగడు నేత మానుకుని బెంగళూరు పోయినాడు. రెండోవాడు నువ్వు. నువ్వు యాడికి పోతాండావు?" అన్నాడు.

నేను కుచ్చులు కుచ్చులుగా లాగాను. లాగినంతసేపూ ఇది ఆమె మీద గెలుపు అనుకున్నాను. నాలుగు రోజులు ఇద్దరం కూర్చుని ఎక్కించింది అరగంటలో ఖాళీ అయింది. నేల మీద పడిన పోగులన్నీ కలిపితే గుప్పెడే. అచ్చును ఎత్తి వెలుతురుకు పట్టి చూశాను. మూడు వేల కళ్లలోంచి అవతలి గోడ కనిపించింది. ఇరవై రెండేళ్లలో దాని గుండా నేను అవతలికి ఎప్పుడూ చూడలేదు.

ఆ తరువాత నాకు నేత లేదు. అచ్చు నాదే. కానీ దానికి పోగులు ఎక్కించాలంటే అటువైపు ఒకరు కావాలి. వీధిలో ఆడవాళ్లు కూలికి వస్తారు. ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా. ఎందుకో ఒప్పుకోలేకపోయాను. ఇంకొకరి మగ్గాల షెడ్డులో గంజి పనికి కుదిరాను.

విడాకుల కేసు కోర్టుకెక్కి మొదటిసారి పిలిచినప్పుడు ఆమెను చూశాను. వరండాలో బల్ల మీద తమ్ముడి పక్కన కూర్చుని ఉంది. కొంచెం సన్నబడింది. నేను నేసిన చీరే కట్టుకుంది, ముదురాకు పచ్చది. నన్ను చూసి తల తిప్పుకోలేదు. నా ముఖం కూడా చూడలేదు. నా చేతుల వైపు చూసింది. తరువాత తమ్ముడి చెవిలో ఏదో అంది. బావమరిది లేచి నా దగ్గరికి వచ్చాడు.

"బావా, అక్క అడుగుతాంది. ఏండ్లుగా నీ ఏలి మీదుండే కాయలు కరిగిపోయినాయంట. మగ్గం నిలిపినావా అంటాది."

"ఆమెకెందుకంట?"

అతను వెళ్లి చెప్పాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అటువైపు ఐదడుగుల దూరంలో ఉంది. నేనే లేచి వెళ్లి నిలిపానని చెప్పి ఉండాల్సింది.

పది రోజులకు ఆమె వకీలు నుంచి ఆమె కోరే వాటా కాగితం నా ఇంటికి వచ్చింది, రెండు రోజులకు దాన్ని ఆదోని తీసుకెళ్లాను. వకీలు సాబు కళ్లద్దాలు పెట్టుకుని చదివి, మళ్లీ చదివి, నా వైపు జరిపాడు. ఆమె మాటల్లోనే నాలుగు వాక్యాలు. ఇంటి పట్టా నా పేరు మీదే ఉంటుంది, ఆయన బతికి ఉన్నంతకాలం అందులో ఉండవచ్చు. మగ్గం గుంత పూడ్చకూడదు. బ్యాంకులో డబ్బు కూతురికి. నాకు కావలసింది అచ్చు, నేను అతికిన పోగుల కొసలతో సహా, ఎలా ఉన్నది అలాగే.

"ఇల్లే చేతిలో ఉండాది, అడిగేది పాత అచ్చు" అన్నాడు వకీలు సాబు. "ఇచ్చేయి. కేసు అయిపోతాది."

"అట్లే లేదు సార్."

చెప్పాను. ఆయన కాగితం మడిచి పక్కన పెట్టాడు. జాగా మార్చవద్దంటే ఏమి విన్నావని తిట్టలేదు. నా జాబితా తీసి ముందు పెట్టుకుని అడిగాడు. "ఈ మగ్గం మీద పని చేసింది ఎవురెవురప్పా?"

గడప మీద కూర్చున్న ఆ ఫోన్ మనిషి అడిగిన మాటే. నా నోట్లోకి అదే జవాబు వచ్చింది. ఆగాను. రాట్నం ఆగిన చప్పుడు అప్పుడు మళ్లీ వినిపించింది. దారం తెగలేదని ఆ మేడ మీద గదిలో కూర్చుని తెలుసుకున్నాను.

నన్ను అన్నవాళ్లందరినీ గుర్తు పెట్టుకున్నాను. నేను అన్నది ఒకటి ఉందని, దాన్ని ఇంకొకరు గుర్తు పెట్టుకుంటారని నాకు తట్టలేదు.

మొదటి ఉత్తరం ఆ కాగితం ఇంటికి వచ్చిన రోజే కోపంలో రాసేశాను. అచ్చు ఎందుకు అడిగావు, నన్ను నేత మానిపించడానికా అని. రెండో ఉత్తరంలో పోగులు లాగేసిన సంగతి రాశాను. దాచలేదు. ఆ గుప్పెడు పోగులు పారేయలేదని, గూట్లో కండెల పక్కన పెట్టానని కూడా రాశాను.

ఆ తరువాత, మా ఇంటి వివరం సరిచేయమని అర్జీ పట్టుకుని చేనేత ఆఫీసుకు వెళ్లాను. మగ్గం మీద పనిచేసేది ఇద్దరు అని రాయాలి. నాలుగు సోమవారాలు వరసలో నిలబడ్డాను. మొదటి మూడుసార్లు తీసుకుని ముద్ర వేసి పక్కన పెట్టారు. నాలుగోసారి కౌంటర్లో ఉన్నామె తల ఎత్తింది.

"ఈమె ఎవరు?"

"నా భార్య."

"ఏం పని చేస్తుంది?"

"కండెలు సుట్టేది, పడుగు అతికేది, పోగు అందిచ్చేది, గంజి పెట్టేది. నేసేదొగటే నా పని."

ఆమె నవ్వింది. "అయితే మీ పేరు తీసేసి ఆమె పేరు ఒకటే రాయాల. సరే, ఆమెను తీసుకుని రండి. ఆమె వేలిముద్ర వేస్తే గానీ మారదు."

మూడో ఉత్తరంలో ఇది రాశాను. ఇంకేమీ రాయలేదు. రమ్మని అడగలేదు. అడిగితే రానంటుందని భయం, అందుకే అడగలేదు. ఇప్పుడు ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

వచ్చే వాయిదాకు మా ఇద్దరినీ పిలిచారు. ఆ రోజు ఆమె కోరిన వాటా ఇస్తావా లేదా అని అడుగుతారు. ఇస్తానని చెప్తాను. కానీ ఎలా ఉన్నది అలాగే అని కాగితంలో ఉంది. ఖాళీ అచ్చు చేతిలో పెడితే అది ఆమె వాటా కాదు. ఆమె అడిగింది పోగులతో ఉన్న అచ్చు. అది ఇవ్వాలంటే ముందు ఎక్కించాలి. నేను ఒక్కణ్ణి కొన్నిసార్లు ప్రయత్నించాను. వెనక్కి వెళ్లి పోగు విడదీసి కంటి దగ్గర పెట్టి, లేచి ముందుకు వచ్చి కొక్కెం దూర్చేలోపు పోగు జారిపోయేది. ఒక రోజంతా కూర్చుంటే ముప్పై ఎక్కాయి. సాయంత్రం చూస్తే అందులో నాలుగు పక్క కంట్లోకి పోయాయి. అటువైపు నుంచి ఎవరూ చెప్పలేదు.

అందుకని నిన్నే అడుగుతున్నాను. బజ్జీల కాగితం దాకా చదివేదానివి, ఇది నీ చేతికి వస్తుంది. అచ్చును మళ్లీ మగ్గానికి కట్టాను. కొత్త పడుగు తెచ్చి గూట్లో పెట్టాను. పాత చీర పరిచి ఉంచాను. నీ వాటా నీకు ఇచ్చేస్తాను, ఆ తరువాత దాన్ని ఆదోనికి తీసుకుపోతావో, ఈడనే ఉంచుతావో నీ ఇష్టం. నేను కాలు తట్టుకుంటానని నీకు భయమైతే నువ్వే మోసుకుపో. కానీ ఎక్కించడానికి నాలుగు రోజులు కావాలి, ఇద్దరు కావాలి. ఇన్నాళ్లూ నా ఉత్తరాలకు పలకలేదు. పలకకపోవడానికి నీకు హక్కు ఉంది, నేను ఆ గడప మీద అన్న మాటకు అది సరిపోతుంది. దీనికి మాత్రం జవాబు చెప్పు. మీ తమ్ముడితో చెప్పించకు, వకీలుతో రాయించకు. ఏ రోజు వస్తావో, లేకపోతే రానే రానో, నీ చేత్తో రాయి.